మార్కులు కలవని పరీక్షకి సీరియస్‌గా కూర్చోవాలా?

ప్రశ్న: అక్కా, నేను అనంతపురం దగ్గర ఒక కాలేజీలో ఫార్మ్ డీ (ఆరేళ్ల ఫార్మసీ కోర్సు) నాలుగో సంవత్సరం చదువుతున్నా. మాది ప్రొద్దుటూరు, హాస్టల్లో ఉంటా. ఈ సంవత్సరం నుంచి మా కాలేజీలో కొత్తగా ఒక కాంప్రహెన్సివ్ ఎగ్జామ్ పెట్టినారు. ఫిఫ్త్ ఇయర్‌లో క్లర్క్‌షిప్‌కి, అంటే ఆసుపత్రి వార్డుల్లో ట్రైనింగ్‌కి పోయే ముందు నాలుగేళ్ల సబ్జెక్టులన్నీ కలిపి 200 బిట్లు, కంప్యూటర్ మీద. మార్కులు మెమోలో రావు, యూనివర్సిటీకి సంబంధమే లేదు, కానీ అందరూ రాయాల్సిందే అంటున్నారు. సెషనల్స్, యాన్యువల్స్, రికార్డులు, వైవాలు ఇన్ని ఉండంగా ఇదొకటా అని క్లాసంతా మండిపడుతోంది. ఇదంతా కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ళకి చూపించే ఫైల్ కోసమే అని సీనియర్లు అంటున్నారు. మా వాట్సాప్ గ్రూపులో అందరూ గుడ్డిగా ‘సి’ పెట్టేసి అర్ధగంటలో బయటికి వచ్చేద్దామని అనుకున్నారు. నాకేమో రాయాలనే ఉంది, కానీ భయం కూడా ఉంది. నేను క్లాస్ టాపర్ని, కానీ ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్‌వి ఇప్పుడడిగితే ఏమీ గుర్తు లేదు. తక్కువొస్తే నోటీస్ బోర్డులో ర్యాంక్ లిస్ట్ పెడతారేమో. డల్లాస్‌లో ఉన్న మా పెద్దనాన్న కూతురు వాళ్ళకీ ఇట్లాంటిదే ఉండేదని చెప్పింది. ఏం చేయమంటావు?

సమాధానం:

చెల్లీ, ముందు సూటిగా చెప్పేస్తా. రాయి. ఉన్న టైమ్ అంతా కూర్చొని, నీకు తెలిసిందే పెట్టి రాయి. అట్లాగని మీ క్లాసు కోపం తప్పని మాత్రం నేను అనను, ఆ కోపంలో సగానికి పైగా న్యాయం ఉంది, దాన్ని ‘సి’ పెట్టి వృథా చేసుకోకుండా అడగాల్సినవి అడగడానికి వాడుకోండి అనేదే నా మాట.

ఆ కోపం యాడ నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన కర్నూలు, కడప, అనంతపురం పిల్లలు ఇంటర్ నుంచే వీకెండ్ టెస్టుల్లో పెరిగినవాళ్ళు. ప్రతి సోమవారం మార్కులు, సెక్షన్ మార్చడాలు, ఇంటికి మెసేజ్‌లు, ఆ తర్వాత ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు, ఆ ర్యాంకుతో కౌన్సెలింగు, కౌన్సెలింగుతో సీటు. పరీక్ష అంటే దాని వెనక ఒక బహుమానమో ఒక దెబ్బో ఉంటుందని ఏళ్ల తరబడి నేర్పించి, ఇప్పుడు హఠాత్తుగా వీటిలో ఏదీ లేని పరీక్ష ఒకటి తెచ్చి ముందర పెడితే, ఇది ఎందుకు రాయాలి అని పిల్లలు అడక్క ఏం చేస్తారు? పైగా ఎవరూ వచ్చి కూర్చోబెట్టి ఎందుకో చెప్పలేదు. సర్క్యులర్ ఒకటి అంటించి ‘కంపల్సరీ’ అని రాసినారు, అంతే కదా జరిగింది. నీ ఉత్తరంలో కాలేజీ ఈ పరీక్ష ఎందుకు పెడుతోందో చెప్పినట్టు ఒక్క ముక్క కూడా లేదు, నువ్వు దాచిపెట్టవు కాబట్టి వాళ్ళు చెప్పలేదనే అనుకుంటున్నా.

డల్లాస్‌లో ఉన్న మీ అక్క చెప్పింది నిజమే. అమెరికాలో ఫార్మసీ పిల్లలకి పీసీఓఏ అని ఒక పరీక్ష ఉండేది, అక్కడి ఫార్మసీ బోర్డుల సంఘం ఎన్ఏబీపీ 2008లో మొదలుపెట్టింది. 225 బిట్లు, అందులో లెక్కలోకి తీసుకునేవి 200, మిగతా 25 కొత్త ప్రశ్నలు ఎట్లా ఉన్నాయో చూసుకోవడానికి. నాలుగు భాగాలు: బేసిక్ బయోమెడికల్ సైన్సెస్, ఫార్మాస్యూటికల్ సైన్సెస్, సోషల్-బిహేవియరల్-అడ్మినిస్ట్రేటివ్ సైన్సెస్, క్లినికల్ సైన్సెస్. ఎన్ఏబీపీ దీనికి పాస్ మార్కు అనేదే పెట్టలేదు. కాలేజీలకి గుర్తింపు ఇచ్చే ఏసీపీఈ తన 2016 స్టాండర్డ్స్‌లో, క్లాస్‌రూమ్ చదువు అయిపోయే టైమ్‌కి, ఆసుపత్రి రొటేషన్లకి పోయే ముందు ప్రతి కాలేజీ ఈ పరీక్ష పెట్టాల్సిందే అని అప్పట్లో అన్నది. అంటే సరిగ్గా ఇప్పుడు నువ్వు నిలబడిన చోటే.

మరి అక్కడి పిల్లలు ఏమన్నారు? మీ గ్రూపులో అంటున్న మాటలే అన్నారు. మార్కులకి కలవదు, ఉద్యోగానికి అడగరు, లైసెన్స్‌కి కావాల్సింది నాప్లెక్స్, దీనికెందుకు కష్టపడాలి అని. అక్కడ టీచర్లు దీని మీద కూర్చొని పెద్ద పెద్ద చర్చలే చేసుకున్నారు, గ్రేడ్‌లో కొంచెం కలపాలా, బాగా రాసినవాళ్ళకి ఏదైనా ఇవ్వాలా, తక్కువొచ్చినవాళ్ళకి అదనంగా క్లాసులు పెట్టాలా అని. కాలేజీకో పద్ధతి పెట్టుకున్నారు. అయితే అక్కడ చేసిన స్టడీస్‌లో ఒకటి మాత్రం పదే పదే కనిపించింది, పీసీఓఏలో వచ్చిన స్కోరుకీ తర్వాత నాప్లెక్స్‌లో వచ్చేదానికీ సంబంధం ఉందని. మార్కులు కలవని పరీక్షే అయినా అది ఏదో నిజమే చెప్తోందని అర్థం. పిల్లల మనసు కుదిరితే ఇంకెంత చెప్పేదో.

ఇక మన దగ్గరికి వస్తా. ఫార్మ్ డీకి మన దేశం మొత్తానికి ఒకటే పరీక్ష అనేది లేదు. 2008లో పీసీఐ (ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) ఫార్మ్ డీ రెగ్యులేషన్స్ తెచ్చినప్పుడు పెట్టిన పద్ధతే, సబ్జెక్టుకి యూనివర్సిటీ పేపర్ 70, సెషనల్స్ 30, యాభై శాతం వస్తే పాస్. ఒక సంవత్సరం సబ్జెక్టులు ఆ సంవత్సరంతో సరి. మెడిసినల్ కెమిస్ట్రీ థర్డ్ ఇయర్‌లో పాసైతే ఇంక జన్మలో దాని మొహం చూడక్కర్లేదు. ఇంపార్టెంట్స్ అడిగి తెచ్చుకొని, పాత ఐదేళ్ల పేపర్లు ముందర పెట్టుకొని, పదిమార్కులవి ఆరేడు బట్టీ కొట్టి గట్టెక్కేదంతా ఈ పద్ధతి పుణ్యమే. ఇది మీ బద్ధకం కాదు, పరీక్ష ఎట్లా అడిగితే పిల్లలు అట్లా చదువుతారు.

డిప్లొమా చదివే డీఫార్మసీ వాళ్ళకైతే 2022లో పీసీఐ ఎగ్జిట్ ఎగ్జామినేషన్ రెగ్యులేషన్స్ తెచ్చింది. మూడు పేపర్లు, అన్నీ బిట్లే, ఒక్కో పేపర్‌లో యాభై శాతం రావాలి, ఎన్నిసార్లయినా రాయొచ్చు, కానీ అది పాసైతేనే ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్. అది వేరే జాతి పరీక్ష. దాని వెనక లైసెన్స్ ఉంది కాబట్టి ఎవరూ ‘సి’ పెట్టి బయటికి రారు, కోచింగ్‌కి పోతారు, గైడ్లు కొంటారు. మీ కాలేజీది అట్లాంటిది కాదు. ఇది మిమ్మల్ని ఆపడానికి పెట్టింది కాదు. మా ఊర్లలో శెనక్కాయ వేసే ముందు రైతు పొలంలో మన్ను తీసి భూసార పరీక్షకి పంపిస్తాడు చూడు, అట్లాంటిది. ఆ రిపోర్టులో పొలానికి ఫస్ట్ క్లాసూ రాదు, ఫెయిలూ రాదు, గంధకం తక్కువుంది, జిప్సం వేయి అని వస్తుంది. ఆ రైతు పక్కోడి చేన్లో మన్ను తీసి పంపిస్తే ఎవరికి నష్టమో నేను చెప్పక్కర్లేదు.

ఈ పరీక్షలో అడిగేది నీ యాన్యువల్స్‌లో ఎందుకు రాదో ఒక ప్రశ్నతో చూపిస్తా, మాటల్లో చెప్తే అర్థం కాదు.

మే నెల, కర్నూలు ఎండ. అరవై ఎనిమిదేళ్ల అవ్వ, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రోజూ వేసుకుంటుంది. మోకాళ్ళ నొప్పులని వీధి చివర మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకొని వారం నుంచి పొద్దున ఒకటి మాపటికి ఒకటి మింగుతోంది. కూలి పనికి పోయి వస్తోంది, నీళ్ళు సరిగ్గా తాగడం లేదు. ఇప్పుడు కాళ్ళు వాచినాయి, ఒంటికి తక్కువ పోతోంది, కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో రక్తంలో చూపించే క్రియాటినిన్ మూడు నెలల కింద 0.9 ఉన్నది 1.9కి పోయింది. ఏం జరిగింది, ముందు ఏ మందు ఆపాలి?

దీనికి జవాబు ఏ ఒక్క సబ్జెక్టులోనూ లేదు. కిడ్నీలో రక్తాన్ని వడపోసే గ్లోమెరులస్‌కి రక్తం తెచ్చే అఫరెంట్ ఆర్టెరియోల్‌ని తెరిచి పెట్టేది ప్రోస్టాగ్లాండిన్లు, బయటికి పోయే ఎఫరెంట్‌ని బిగించి లోపల ప్రెషర్ నిలబెట్టేది యాంజియోటెన్సిన్ టూ, ఇది నువ్వు ఫస్ట్ ఇయర్ హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీలో చదివినావు. డైక్లోఫెనాక్ ఆ ప్రోస్టాగ్లాండిన్లని ఆపుతుంది, టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్ని అడ్డుకుంటుంది, ఇవి ఫార్మకాలజీలో వచ్చినాయి. థయజైడ్ ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది, ఎండ మిగతాది లాగేసింది. లోపలికొచ్చే దారి ఇరుకైంది, బయటికి పోయే దారి వదులైంది, వచ్చే రక్తమే తగ్గింది, మూడూ ఒకేసారి జరిగితే ఫిల్టరేషన్ కూలిపోక ఏమవుతుంది? ముందు ఆపాల్సింది డైక్లోఫెనాక్, టెల్మిసార్టాన్-థయజైడ్ మాత్ర సంగతి వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి, ఇది థెరప్యూటిక్స్‌లో. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇది థర్డ్ ఇయర్ జ్యూరిస్‌ప్రుడెన్స్‌లో. ఆ అవ్వకి ‘మోకాళ్ళ మాత్ర మానెయ్యి అవ్వా, ఇంక షాపులో అడగొద్దు’ అని మన మాటలో చెప్పడం సెకండ్ ఇయర్ కమ్యూనిటీ ఫార్మసీలో.

ఇవన్నీ నువ్వు పాసైనవే చెల్లీ. విడివిడిగా అడిగితే ఒక్కొక్కదానికి పేజీ పేజీ రాస్తావు. కలిపి ఒక మనిషి ఒంట్లో అడిగితే ఎంతమందికి తడుతుంది? నేను కాలేజీలో పాఠాలు చెప్పినప్పుడూ చూసినా, ఇప్పుడు ఆసుపత్రి ఫార్మసీలో ఉండి మీలాంటి పిల్లలు వార్డులకి వస్తే చూస్తూనే ఉన్నా, డెబ్బై శాతం తెచ్చుకున్న పిల్లలు కూడా కేస్ షీట్ ముందర నిలబడి ఇందులో నేను చదివింది ఏదీ లేదే అన్నట్టు చూస్తారు. చదివింది అంతా అందులోనే ఉంటుంది. ఒక చోట చేర్చమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు, అంతే. ఫిఫ్త్ ఇయర్ క్లర్క్‌షిప్ మొదలయ్యే ముందు ఆ చేర్చే పని ఒక్కసారైనా జరగాలి, జరగకపోతే దాని మొదటి పరీక్ష జనరల్ ఆసుపత్రిలో పేషెంట్ మీద జరుగుతుంది. అందుకే నేను ఇంత గట్టిగా రాయమంటున్నా.

న్యాక్ ఫైల్ కోసమే అన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. అది కొంతవరకు నిజమే అయ్యుండొచ్చు. ఇప్పుడు న్యాక్ అయినా, కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ అయినా పిల్లలు కోర్సు అయ్యేసరికి ఏం నేర్చుకున్నారో చూపించమని అడుగుతున్నాయి, కాలేజీలు కాగితాలు పోగు చేసుకుంటున్నాయి. అయితే ఏమి? ఫైల్‌లోకి పోతే పోనీ. ఆ కాగితం అక్కడే ఆగిపోతుందా, లేక దాన్ని చూసి ఫార్మకోకైనెటిక్స్ చెప్పే పద్ధతి మారుస్తారా అన్నదే అసలు ప్రశ్న. ఇంకొక సంగతి మీ గ్రూపులో ఎవరూ గమనించినట్టు లేదు, ఈ పరీక్ష మీకంటే ఎక్కువగా మీ కాలేజీకి పరీక్ష. క్లాసులో యాభై మంది ఉంటే నలభై మంది బయోఫార్మాస్యూటిక్స్ బిట్లలో తప్పు పెట్టినారంటే అది ఆ నలభై మంది బద్ధకం అని ఎవరంటారు? చెప్పినచోట లోపం ఉందని తేలిపోతుంది. మీరందరూ ‘సి’ పెట్టినారనుకో, అప్పుడు ఆ లోపం దాక్కుంటుంది. పిల్లలు సీరియస్‌గా రాయలేదు అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు, మీ జూనియర్లు కూడా అదే నోట్స్, అదే పీపీటీ, అదే పాఠం వింటారు. టీచింగ్ బాగలేదని మీరు హాస్టల్లో రోజూ అనుకునే మాటకి చేతికొచ్చిన సాక్ష్యాన్ని మీరే పాడుచేసుకున్నట్టు కదా.

అందుకని గ్రూపులో ‘మనం రాద్దాం, చదువు మన కోసమే’ అని లెక్చర్ మాత్రం ఇవ్వొద్దు. టాపర్ నోట్లోంచి ఆ మాట వస్తే ఎవరూ వినరు, నిన్నే ఆడిపోసుకుంటారు. సార్లకి చెప్పే పని కూడా పెట్టుకోవద్దు, ఇంకా రెండేళ్లు వాళ్ళతోనే కలిసి ఉండాలి నువ్వు. దానికి బదులు ‘ఊరికే రాయం, ఇవి ఒప్పుకుంటే రాస్తాం’ అనే మాట తీసుకురా. రిప్రజెంటేటివ్‌లు ఇద్దరితో ముందు విడిగా మాట్లాడు, వాళ్ళు పెడితే గ్రూపు వింటుంది. ప్రిన్సిపాల్‌కి ఒక పేజీ లెటర్ రాయండి, మర్యాదగా, అందరి సంతకాలతో.

ఆ లెటర్‌లో ఏం అడగాలంటే, మొదటిది, ర్యాంక్ లిస్ట్ వద్దు. నోటీస్ బోర్డులో వద్దు, గ్రూపులో వద్దు, ఇంటికి మెసేజ్ వద్దు. ఎవరి రిపోర్టు వాళ్ళకే ఇవ్వాలి, సబ్జెక్టుల వారీగా ఎన్ని అడిగినారు ఎన్ని కరెక్టు అని. మొత్తం మార్కు ఒక్కటే ఇస్తే దాంతో ఏం చేసుకుంటాం? 200కి 94 అంటే నాకు ఏం తెలిసినట్టు? అందులో టాక్సికాలజీ పదికి రెండు అని తెలిస్తే అప్పుడు పుస్తకం తీస్తా. రెండోది, మార్కులు తక్కువొచ్చినాయని క్లర్క్‌షిప్ ఆపడం, ఫైన్ వేయడం, ఇంటర్నల్స్‌లో కోత పెట్టడం ఉండదని రాతలో ఇవ్వాలి. పోను పోను ఇట్లాంటివి శిక్షల్లోకి జారిపోతాయి, ఆ రోజు నుంచి పిల్లలు దాన్ని కూడా బట్టీ కొడతారు, అప్పుడు ఇది ఇంకొక యాన్యువల్ అయి కూర్చుంటుంది. మూడోది, రిజల్ట్ చూసి కాలేజీ ఏం చేస్తుందో ముందే చెప్పాలి. క్లాసంతా వెనకబడిన రెండు మూడు చోట్ల క్లర్క్‌షిప్ మొదట్లోనే సెషన్లు పెడతారా, ఎవరు తీసుకుంటారు, ఎప్పుడు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఈ మూడోదే. రిజల్ట్‌తో ఏమీ చేయని కాలేజీకి పిల్లల్ని సీరియస్‌గా రాయమని అడిగే హక్కు లేదు. ఇంకొకటి చిన్నది, పరీక్ష తేదీ యాన్యువల్స్‌కి అతుక్కోకుండా చూడమనండి.

పేపర్ బాగలేకపోతే కూడా ఊరుకోవద్దు. కొన్ని కాలేజీల్లో తయారుచేసే బిట్లు ఎట్లా ఉంటాయో మాకు తెలుసు, జీప్యాట్ గైడ్లోంచి దించి, ఫలానా మొక్క బయోలాజికల్ సోర్స్ ఏది, ఫలానా సింథసిస్ కనిపెట్టింది ఎవరు అని. జీప్యాట్ అనేది ఎంఫార్మసీ సీటుకీ స్టైపెండ్‌కీ పిల్లల్ని వడకట్టే పరీక్ష, 125 ప్రశ్నలు, 500 మార్కులు, నెగెటివ్ మార్కు. దాని పని వేరు. వార్డుకి పోయే ఫార్మ్ డీ పిల్లలకి పైన చెప్పిన అవ్వలాంటి ప్రశ్నలు అడగాలి. రాసి బయటికొచ్చినాక గుర్తున్నంతవరకు ఏ ప్రశ్న తప్పుగా ఉంది, దేనికి రెండు జవాబులు వస్తాయి, ఏది మనకు పనికిరాదు అని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రాసినవాళ్ళు చెప్తే వింటారు, ‘సి’ పెట్టి వచ్చినవాళ్ళు చెప్తే ఎవరు వింటారు?

ఇంతా చేసి గ్రూపు ఒప్పుకోకపోతే? అర్ధగంటకి అందరూ లేచిపోయి నువ్వొక్కదానివే మిగిలితే? కూర్చో. ఆ రోజు హాస్టల్లో నాలుగు మాటలంటారు, రెండు రోజులకి ఇంకో టాపిక్ వస్తుంది. చిన్నగా నవ్వి ‘నాకు వార్డుకి పోవాలంటే భయంగా ఉంది, అందుకే చూసుకున్నా’ అని నిజమే చెప్పు. భయపడేది నువ్వొక్కదానివే కాదని కూడా అప్పుడే తెలుస్తుంది, ఎవరో ఒకరు పక్కకొచ్చి నాకూ అట్లాగే ఉందని అంటారు.

ఇప్పుడు నీ భయం. టాపర్ని, తక్కువొస్తే ఎట్లా అని. తక్కువే వస్తుంది అనుకొని పో. నాలుగేళ్ల కింద చదివింది తిరిగి ముట్టుకోకపోతే ఎవరికైనా పోతుంది, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు, డాక్టర్లకీ పోతుంది, లెక్చరర్లకీ వాళ్ళ సబ్జెక్టు కాకపోతే పోతుంది. దీనికోసం రాత్రులు మేలుకొని చదవొద్దు, గైడ్ కొనొద్దు. నాలుగు రోజులు బట్టీ కొట్టి పోతే నీకు ఏం నిలిచిందో తెలియకుండా పోతుంది, మళ్ళీ అదే పాత కథ. బాగా నిద్రపోయి పొద్దున తినేసి పో. తెలియని ప్రశ్నకి గుడ్డిగా పెట్టినప్పుడు దాని నంబర్ రఫ్ పేపర్ మీద రాసుకో, ఇస్తే. లక్కుతో కరెక్ట్ అయినవి నీకు వచ్చినట్టు లెక్క వేసుకోకూడదు కదా.

రిపోర్టు చేతికొచ్చినాక అన్ని ఖాళీలనీ ఒకేలా చూడొద్దు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో నేమ్ రియాక్షన్లు మర్చిపోయినావా, ఉండనీ, ఇప్పటికి దాని జోలికి పోవద్దు. కిడ్నీ, లివర్ దెబ్బతిన్నప్పుడు డోసులు, మందుకీ మందుకీ పడనివి, ల్యాబ్ వాల్యూస్, లెక్కలు, ఈ నాలుగింట్లో ఖాళీ ఉంటే అది వెంటనే పూడ్చుకోవాలి, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే మనిషికి తగులుతుంది. ఉదాహరణకి ఒక లెక్క చూడు. యాభై కిలోల ఆమె, వయసు 68, క్రియాటినిన్ 1.4, కొన్ని నెలలుగా అంతే ఉంది. 1.4 అంటే ఏముంది కొంచెమే కదా ఎక్కువ అనిపిస్తుంది. కిడ్నీ ఎంత వడపోస్తోందో అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ ఫార్ములా వేయి: 140లో 68 తీసేస్తే 72, ఇంటూ 50, దాన్ని 72 ఇంటూ 1.4తో భాగించు, ఆడమనిషి కాబట్టి 0.85తో గుణించు. నిమిషానికి సుమారు 30 మిల్లీలీటర్లు వస్తుంది. ఆ కిడ్నీలు ఎంత పని చేయాలో అందులో మూడో వంతు కూడా సరిగ్గా చేయడం లేదు, అక్కడ ఎన్నో యాంటీబయాటిక్‌ల డోసు మార్చాలి. ఈ ఫార్ములా క్లాసులో అందరికీ వచ్చు, కేస్ షీట్‌లో 1.4 కనిపించినప్పుడు దీన్ని వేయాలని తట్టడమే రాదు. పైన చెప్పిన అవ్వకి మాత్రం ఈ ఫార్ములా వేయకూడదు, ఆమె క్రియాటినిన్ ఇంకా మారుతోంది కాబట్టి, ఆ తేడా కూడా గుర్తుపెట్టుకో.

పూడ్చుకునే పద్ధతి కూడా పెద్దదేమీ కాదు. మీలో నలుగురు కలవండి, వారానికి ఒక కేసు పెట్టుకోండి, ఒకరు ఫిజియాలజీ నుంచి చెప్పాలి, ఒకరు మందు ఎట్లా పనిచేస్తుందో, ఒకరు డోసు, నాలుగో మనిషి పేషెంట్‌కి తెలుగులో ఎట్లా చెప్తారో చెప్పి చూపించాలి. వచ్చే వారం పాత్రలు మార్చుకోండి. ఆ చివరిది అల్లాటప్పాగా తీసుకోవద్దు, ఏ బిట్ల పరీక్షా దాన్ని కొలవలేదు. ఇన్‌హేలర్ ఎట్లా పీల్చాలో ఆదోని నుంచి వచ్చిన పెద్దాయనకి అర్థమయ్యేలా చెప్పి, తిరిగి ఆయన చేతే చేయించి చూడటం కంప్యూటర్ మీద రాదు. అందుకే ఈ పరీక్షలో 150 వచ్చిన పిల్ల కూడా నేను వార్డుకి రెడీ అనుకోకూడదు, 80 వచ్చిన పిల్ల నేను పనికిరాను అనుకోకూడదు.

మీ డల్లాస్ అక్కని అడిగి అటువైపు పోయే ఆలోచన నీకూ ఉంటే ఒక సంగతి. బయట దేశంలో చదివినవాళ్ళు అక్కడ ఫార్మసిస్ట్ కావాలంటే ముందు ఎఫ్‌పీజీఈఈ అనే పరీక్ష రాయాలి, అదీ ఎన్ఏబీపీదే. 2003 తర్వాత పాసైనవాళ్ళకి అయిదేళ్ల ఫార్మసీ డిగ్రీ ఉండాలి, అందుకే మన నాలుగేళ్ల బీఫార్మసీ వాళ్ళకి ఆ దారి లేదు, మీ ఆరేళ్ల ఫార్మ్ డీకి ఉంది. ఆ పరీక్షలో ఉండేవీ పీసీఓఏకి చెప్పిన ఆ నాలుగు భాగాలే. అందులో మన పిల్లలు ఎక్కువగా వదిలేసేది మూడోది, సోషల్-బిహేవియరల్-అడ్మినిస్ట్రేటివ్, అంటే బయోస్టాటిస్టిక్స్, ఫార్మకోఎకనామిక్స్, పేషెంట్‌తో మాట్లాడటం, చట్టం, నీతి ఇవన్నీ. బయోస్టాటిస్టిక్స్ నీకు ఈ సంవత్సరమే ఉంది, ఫార్మకోఎపిడెమియాలజీ, ఫార్మకోఎకనామిక్స్ వచ్చే సంవత్సరం వస్తాయి. వాటి నోట్స్ పరీక్ష అయిపోయినాక జూనియర్లకి ఇచ్చేయకుండా నీ దగ్గరే పెట్టుకో.